ప్లేడే నాడు ఇరవై చీటీలు

కిందటి వారం ఇదే పేజీలో ‘పాతాళభైరవి’ ముచ్చట రాస్తూ రాస్తూ, “మా ఆదివారం ఆటలో అయితే తోటరాముడు ఆ నేపాళ మాంత్రికుడి వెంట గుహ దాకా వెళ్ళేవాడే కాదు” అని ఒక్క ముక్క జారవిడిచాను. ఇంకేం! ఉత్తరాలే ఉత్తరాలు. “ఆదివారం ఆటంటే పేకాటేనా గురూ?” అని జమ్మికుంట పాఠకుడొకాయన కన్నుగీటాడు. మంచిర్యాల నుంచి ఒక సోదరి మాత్రం సూటిగా తగులుకుంది: “డిగ్రీ చదువుతున్నానంటారు, కథలు రాస్తానంటారు, ఇప్పుడు ఆటలు కూడానా? మీ గోదావరిఖనిలో రోజుకి ఎన్ని గంటలండీ?”

బాగా అడిగింది. అంచేత ఈ వారం తారల కబుర్లకి సెలవు. గంటల లెక్క అప్పజెబుతాను. అయితే ఆట ఏమిటో ముందు చెప్పకపోతే లెక్క అర్థం కాదు.

పేకాట కాదు మహాప్రభో! పైసా పెట్టేది లేదు, గెలిచేది అంతకన్నా లేదు. ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మొహానికి రంగు వేసుకోకుండానే వేషం వేయడం అన్నమాట. నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుంటారు. అందులో ఒకడు దర్శకుడు. పాపం, అతని చేతిలో స్క్రిప్టు సగమే ఉంటుంది. మిగిలిన వాళ్ళంతా హీరోలు, హీరోయిన్లు. వాళ్ళ డైలాగులు వాళ్ళవే, అక్కడికక్కడే పుడతాయి. “గుహలో చీకటి. ఎడమ పక్క నీళ్ళ చప్పుడు” అంటాడు దర్శకుడు. “నేను దివిటీ ఆర్పేస్తున్నా” అంటాడు హీరో. ఎందుకార్పావురా నాయనా అని దర్శకుడు నెత్తి కొట్టుకోవచ్చు గాని, వద్దనే హక్కు లేదు. హీరో తలపెట్టిన పని నెరవేరుతుందో లేదో అనుమానం వస్తే తేల్చేది పాచిక. ఇరవై ముఖాల పాచిక. పెద్ద అంకె పడితే పని అయినట్టు, చిన్నది పడితే చెడినట్టు. సినిమా భాషలో ఆ పాచికే నిర్మాత!

మా వైపు ఒగ్గు కథ చూసిన వాళ్ళకి ఇది సగం తెలిసిన వ్యవహారమే. కథ చెప్పేవాడు ఒక్కడే క్షణంలో రాజవుతాడు, మరుక్షణం రాజుని తిట్టే ముసలమ్మ అవుతాడు. తేడా ఎక్కడంటే, అక్కడ జనం ఎంత ఏడ్చినా కథ మారదు. ఇక్కడ కూర్చున్న జనమే కథని పక్కదారి పట్టిస్తారు.

ఈ ఆటల్లో అచ్చయిన మొదటిది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. మొదట వేసింది 1000 ప్రతులే. గైగాక్స్ ఇన్సూరెన్సు ఉద్యోగం ఊడి, ఇంట్లో బూట్లు బాగుచేస్తూ ఆటలు రాసుకున్న మనిషి. మీరు కూడా దీన్ని తెర మీద చూసే ఉంటారు, గుర్తుపట్టి ఉండరు. స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’ (1982) మొదట్లో వంటింటి బల్ల చుట్టూ చేరి కుర్రాళ్ళు ఆడేది ఇలాంటి ఆటే. 2016లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ పిల్లలు ఆడేదీ ఇదే. అన్నట్టు ఒక తమాషా. మా సింగరేణి బొగ్గు మసిని నాని ఒళ్ళంతా పూసుకున్న ‘దసరా’ 2023 మార్చి 30న విడుదలైంది గదా! సరిగ్గా ఆ మర్నాడే అమెరికాలో ఈ ఆట పేరుతో తీసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమాంగ్ థీవ్స్’ విడుదలైంది. మా జట్టు అంతా ఏ సినిమాకి ముందు వెళ్ళామో వేరే చెప్పాలా?

సరే, మా జట్టు. అయిదుగురం. నేను దర్శకత్వం. ఒక బీకాం అమ్మాయి, ఒక పాలిటెక్నిక్ కుర్రాడు, నా క్లాసు వాడొకడు, ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టరు కింద వోల్వో నడిపే అన్న ఒకాయన. ఇరవై ముఖాల పాచిక లక్ష్మీనగర్ దుకాణాలన్నీ తిరిగినా దొరకలేదు. ఫోనులో ఉందిలే అంటారు గాని, ఫోను చేతికొస్తే మనిషి మళ్ళీ మనకి దక్కడు. అంచేత ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకున్నాం. తీసిన చీటీ మళ్ళీ గ్లాసులో పడాల్సిందే, లేకపోతే లెక్క తప్పుతుంది. రూల్సు పుస్తకం కొనే స్తోమత లేదని బాధపడక్కర్లేదు. అసలు నియమాలున్న పత్రాన్ని 2023 జనవరిలో ఆ కంపెనీ వాళ్ళే ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా విడిచిపెట్టారు. కావలసిన పేజీలు జిరాక్స్ తీయించుకుంటే చాలు.

ఆడేది తెలుగులోనే. హిట్ పాయింట్లు అనేవాటిని మేం ‘పాణం’ అంటాం. “నీ పాణం ఎంత మిగిలింది?” “నాలుగే!” మొదటి వారం మా అమ్మ వంటింట్లోంచి ఉరికి వచ్చి, “ఎవని పాణం పోయిందిరా?” అంది.

ఇక చదువుకి ఈ ఆట అడ్డమా అంటే, ఒక్కచోట మాత్రం చుట్టమే అయింది. నాది స్టాటిస్టిక్స్. సంభావ్యత పాఠం మా క్లాసులో సగం మందికి కొరకరాని కొయ్య. ఆటలో ఒక నియమం ఉంది. హీరోకి పరిస్థితి అనుకూలంగా ఉంటే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు. పదిహేను గాని ఆపైన గాని రావాలనుకోండి. ఒక చీటీతో అవకాశం ఇరవైకి ఆరు, అంటే నూటికి 30. మరి రెండు చీటీలైతే? 60 అంటాడు తొందరపడినవాడు. కాదు. రెండూ పోయే అవకాశం 0.7ని 0.7తో హెచ్చవేస్తే 0.49. కాబట్టి గెలిచేది నూటికి 51. ఈ లెక్క నా క్లాసు వాడికి బోర్డు మీద మూడు వారాలు చెప్పినా ఎక్కలేదు. తన హీరో పాణం మీదికి వచ్చిన రోజున ఒక్క నిమిషంలో ఎక్కింది!

అంతమాత్రాన ఆట ఆడితే మార్కులొస్తాయని మీ ఇంట్లో చెప్పకండి. ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. స్టాటిస్టిక్స్‌లో సంభావ్యత ఒక్కటే లేదు.

* * *

గంటల లెక్కకి వద్దాం. మా ఇంట్లో రోజుకి ఇరవై నాలుగు గంటలు కాదండీ, మూడు షిఫ్టులు. బాపు బొగ్గుబాయిలో పని చేస్తాడు. అండర్‌గ్రౌండు. షిఫ్టు వారం వారం మారుతుంది. దాంతో మా రెండు గదుల క్వార్టరు స్వభావమే మారుతుంది. గోడ మీద టైంటేబుల్ అంటించుకునే మిత్రులకి నేను చెప్పేది ఒక్కటే: ఇంటి తీరు చూడకుండా రాసుకున్న టైంటేబుల్ బాక్సాఫీసు దగ్గర మొదటి రోజే బోల్తా.

ఫస్టు షిఫ్టు వారం ఇల్లు చీకటితోనే లేస్తుంది. అమ్మ డబ్బా కట్టే చప్పుడుకి నాకూ మెలకువ. బాపు డ్యూటీకి వెళ్ళినప్పట్నుంచి కాలేజీ బస్సు దాకా రెండు గంటలు నావి. లెక్కలు చేసేది అప్పుడే. సెకండు షిఫ్టు వారం బాపు ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. తలుపు తీయడానికి ఎవరో ఒకరు మేలుకోవాలి. ఆ కొలువు నేనే అడిగి పుచ్చుకున్నాను. పదింటి నుంచి తలుపు చప్పుడయ్యేదాకా కథ. నా కథల్లో సగం ఆ తలుపు చప్పుడు దగ్గర ఆగినవే. వాక్యం మధ్యలో ఆగడం మంచిదే సుమా, మర్నాడు ఎక్కడ మొదలెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. నైటు షిఫ్టు వారం పగలంతా బాపు నిద్ర. టీవీ బంద్, మాటలు బంద్, కుక్కరు కూత పెడితే అమ్మ దాన్ని కూడా కసురుతుంది. లైబ్రరీలో దొరకని నిశ్శబ్దం మా ఇంట్లో దొరుకుతుంది. పుస్తకాలు చదివేది ఆ వారమే, కాలేజీవీ, కథలవీ.

షిఫ్టుల మధ్య రాయడం నేను కనిపెట్టిన విద్య కాదు. ఈ గడ్డ మీద పెద్దలు చేసి చూపించిందే. తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు సింగరేణిలో కొలువు చేస్తూనే ‘పనిపిల్ల’, ‘చావువిందు’ లాంటి కథలు రాశారు. పి. చంద్ గారు సింగరేణిలో పనిచేస్తూనే గని కార్మికుల మీద కథలూ నవలలూ రాశారు. మస్టరు పడి, బాయి దిగి, ఎక్కి వచ్చిన చేతులవి. అలాంటి ఊళ్ళో కూర్చుని “కాలేజీ ఉంది, రాయడానికి టైం లేదు” అంటే వినేవాడు నవ్వడూ?

ఆట మాత్రం ఆదివారమే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. సింగరేణిలో వారపు సెలవుని ‘ప్లేడే’ అంటారు. పేరు వింటే ఆటలాడుకునే రోజు అనిపిస్తుంది. కార్మికుల ఇళ్ళలో దాని అర్థం వేరు. ఆ రోజు డ్యూటీ దొరికితే రెట్టింపు జీతం. అందరికీ దొరకదు, దొరికినవాడు వదులుకోడు. మా బాపు సంగతి సరేసరి. నా సెమిస్టరు ఫీజు ఎన్ని ప్లేడేలో అమ్మ వేళ్ళ మీద చెబుతుంది. ఒకే ప్లేడే నాడు బాపు బాయిలో, నేను వేపచెట్టు కింద చీటీల గ్లాసుతో. ఈ మాట ఎవరూ మా ఇంట్లో పైకి అనరు. అనకపోయినా అది చెట్టు కింద మాతోపాటే కూర్చుంటుంది.

సింగరేణిలో రిటైర్మెంటు 61 ఏళ్ళకి. బాపుకి ఇంకా మూడేళ్ళుంది. క్వార్టరు కంపెనీది, రిటైరైతే తాళం చేతులు అప్పగించాలి. ఈ లోపు నా చేతికి డిగ్రీ కాగితమూ, దాని వెనక ఒక జీతమూ రావాలి. అంచేత చదువు, కథ, ఆట అని మూడింటినీ సమానంగా తూచే త్రాసు నా దగ్గర లేదు. సమానమని చెప్పేవాళ్ళ బాపులు ప్లేడే చెయ్యరు కాబోలు.

* * *

ఒక ఆదివారం బాపుకి ప్లేడే దొరకలేదు. చెట్టు పక్కనే మంచం వాల్చుకుని పడుకున్నాడు. మా కథ అప్పుడు పాడుబడిన ఒక పాత బాయిలో నడుస్తోంది. వందేళ్ళ కిందట మూసేసిన ఇంక్లైను, అడుగున గుప్తంగా ఉన్న అమ్మవారు, కాపలా కాసే నీడలు, అంతా విఠలాచార్య ఫక్కీ. మా వోల్వో అన్న ఒకటో నంబరు చీటీ తీశాడు. ఇంతకన్నా చెడ్డ చీటీ లేదు. నేను హుషారుగా, “ఫెళ్ళుమని పైకప్పు కూలి నీ మీద పడింది!” అన్నాను.

మంచం మీంచి గొంతు వినిపించింది. “గట్ల పడదు బిడ్డా, రూఫు.”

అందరం తిరిగి చూశాం. బాపు కళ్ళు తెరవలేదు. “పడే ముందు చెప్తది. కట్టె ప్రాపులు పటపటమంటయి. సన్నగ పొడి రాలుతది. ఇనేటోనికి ఇనవడ్తది. ఇప్పుడు బోల్టులు కొడుతున్నరు గని, పాత బాయి అంటున్నవు గదా, పాత బాయిల కట్టెనే మాట్లాడుతది.”

వోల్వో అన్న బతికిపోయినట్టు మొహం పెట్టి, “మరి లాంపు ఆరిపోతే కాకా?” అని అడిగాడు. “ఆరిపోయినోడు ముందుగాల నిలవడ్తడు. ఉరకడు.” అంతే, అటు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు నుంచి మా ఆట నియమం మారింది. ఒకటో నంబరు వస్తే కప్పు కూలదు, కట్టె మాట్లాడుతుంది. పొడి రాలుతుంది. అప్పుడు హీరో ఏం చేస్తాడో చెప్పాలి. వెనక్కి వస్తాడా, ముందున్న వాడిని పిలుస్తాడా? చూస్తుండగానే ఆట చిక్కబడింది. అంతకుముందు చీటీ తీయగానే కేకలు. ఇప్పుడు “పటపట” అనగానే బీకాం అమ్మాయితో సహా అందరూ మాట మానేసి చెవులు రిక్కించి కూర్చుంటారు, నిజంగా వినబడుతుందన్నట్టు!

నా కథకీ అక్కడే ప్రాణం వచ్చింది. ఆటలో జరిగిందంతా రాసేస్తే కథ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అవదు. మా పాలిటెక్నిక్ కుర్రాడు ఒకసారి రాక్షసుణ్ణి “నీకు కమీషన్ ఎంతిస్తున్నారు?” అని అడిగాడు. అరగంట పొట్టలు పట్టుకుని నవ్వాం. అదే ఇక్కడ రాస్తే, చూడండి, మీకు సగం నవ్వు కూడా రాలేదు. బల్ల చుట్టూ ఉన్న స్నేహం కాగితం మీదికి దిగదు. ఆట నుంచి కథకి తెచ్చుకోదగింది వేరే ఉంది. మనం సృష్టించిన మనిషి మన మాట వినడు అన్న భయం. తోటరాముడు మాంత్రికుడి వెంట వెళ్ళాడంటే రాకుమారి కావాలి, ఆమె కోసం సంపద కావాలి, అందుకు వెళ్ళాడు. కె.వి.రెడ్డి గారు అది ముందే గట్టిగా బిగించారు. ఆ బిగింపు లేకపోతే మా వాళ్ళలాంటి నలుగురు కూర్చుని “నేను పోను” అంటారు, దర్శకుడి గుహ దర్శకుడికే మిగులుతుంది. రాసేటప్పుడు ఇప్పుడు ప్రతి సీనులోనూ ఆ నలుగురూ నా ఎదురుగా కూర్చుని ఉంటారు.

ఈ దారిన నడిచి పేరు తెచ్చుకున్న వాళ్ళున్నారు. రేమండ్ ఫైస్ట్ అని ఒకాయన శాన్ డియాగోలో కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థి. తోటి విద్యార్థులు గురువారం రాత్రుళ్ళు చేరి ఆడేవారు, తర్వాత శుక్రవారానికి మార్చుకున్నారు. అంతా కలిసి మిడ్‌కెమియా అనే లోకాన్ని కల్పించుకున్నారు. 1982లో వచ్చిన ఆయన మొదటి నవల ‘మెజీషియన్’ ఆ లోకంలో జరిగేదే. అయితే గమనించండి, ఆటలో జరిగిన కథని ఆయన ఎత్తి రాయలేదు. అదే లోకంలో ఎన్నో తరాల వెనక్కి వెళ్ళి కొత్త కథ అల్లాడు. ‘ది ఎక్స్‌పాన్స్’ సీరియల్ చూసినవారికి తెలుసో లేదో, దానికి మూలమైన నవలల లోకం కూడా టై ఫ్రాంక్ అనే ఆయన నడిపిన ఆటలోంచి వచ్చిందే.

* * *

ఇంత చెప్పాక చేదు మాట కూడా చెప్పాలి. నా క్లాసు వాడికి మూడు బ్యాక్‌లాగులు. పోయినేడు ఫలితాలొచ్చిన రోజు వాళ్ళింట్లో మా ఆట మీదే విరుచుకుపడ్డారు. ఇది మా ఖనిలో పుట్టిన గొడవ కాదు. 1979లో అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ కుర్రాడొకడు కనిపించకుండా పోతే పత్రికలు ఈ ఆటనే దోషిగా నిలబెట్టాయి. అతని బాధలు వేరని, ఆటకి సంబంధం లేదని తర్వాత తేలింది. ఈలోపు దాని మీద నవలా వచ్చింది, 1982లో టీవీ సినిమా కూడా వచ్చింది, ‘మేజెస్ అండ్ మాన్‌స్టర్స్’. ఆట పిచ్చిలో మతి చెడిన కాలేజీ కుర్రాడిగా వేసింది ఎవరనుకున్నారు? అప్పటికింకా పేరు రాని టామ్ హాంక్స్!

మావాడి మతి బాగానే ఉంది. వాడికి పోయింది ఆదివారాలు కాదు, ఆదివారం కోసం ఎదురుచూస్తూ గడిపిన బుధ, గురు, శుక్రవారాలు. ఆట మూడు గంటలే, దాని ఊహ వారమంతా. ఇది ఆట ఆడేవాళ్ళందరికీ తెలుసు, ఇంట్లో ఎవరూ చెప్పరు. నాకు ఊహ ఉద్యోగం కిందే లెక్క. నోటుబుక్కులో పెట్టి కథకి వాడుకుంటాను. వాడికి ఆ వెసులుబాటు లేదు.

అందరం కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. హాల్ టికెట్లు చేతికొచ్చిన రోజున గ్లాసు లోపలికి, ఆఖరి పరీక్ష రాసిన రోజున బయటికి. ఒక్కరికి పరీక్షలున్నా అందరికీ బంద్. “వాడు లేకుండా మనం ఆడుకుందాం” అని వోల్వో అన్న గొణిగాడు. ఆయనకి పరీక్షలు లేవు గదా! బీకాం అమ్మాయి ఒప్పుకోలేదు. వాడు లేకుండా కథ నడిస్తే వాడి మనసు పుస్తకం మీద ఉంటుందా, చెట్టు కింద ఉంటుందా అంది. న్యాయమే.

పరీక్షలప్పుడు ముందు ఆగాల్సింది ఆటే అని నా తీర్పు. అది అయిదుగురి సొత్తు, అయిదుగురూ కాపాడుకుంటారు, నెల తర్వాత పిలిచినా పలుకుతుంది. కథ అలా కాదు, ఒంటరిది. నెల రోజులు మొహం చాటేస్తే మనల్ని గుర్తుపట్టదు. అందుకని పరీక్షల్లో కూడా రోజుకి అరపేజీ రాస్తాను. బాగుందా లేదా చూడను. సినిమాలంటారా? మంచిర్యాల సోదరీ, మీరు అడగకపోయినా చెబుతున్నాను, అవి కూడా బంద్. ఈ కాలమ్‌కి కావలసిన సినిమా ఒక్కటి తప్ప. అది డ్యూటీ.

మావాడు పోయినసారి మూడింట్లో రెండు గట్టెక్కాడు. సంభావ్యత పేపరు అందులో ఒకటి. మిగిలింది ఒకటి. ఈ నెల హాల్ టికెట్లు వచ్చేశాయి. వాడి హీరో ప్రస్తుతం పాత బాయి మూడో మలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లాంపు ఆరిపోయింది. తలమీద కట్టె ఒక్కసారి పటపటమంది. చీటీ ఇంకా తీయలేదు. చీటీలు అగ్గిపెట్టెలో భద్రంగా ఉన్నాయి, గ్లాసు మాత్రం అమ్మ తీసేసుకుంది. బాపు ఇప్పుడు దాంట్లోనే చాయ్ తాగుతున్నాడు.